పెన్నుల కేసు: అసలు తోలా, రెక్సినా?

తిరుపతిలో కాలేజీకో ఆఫీసుకో రోజూ రెండు ఇంకు పెన్నులు, ఒక ఏ5 నోటుబుక్కు వెంట తీసుకెళ్లేవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు.

ధర: రెక్సిన్ చౌక, ఎక్కడైనా దొరుకుతుంది. తోలుకు కొన్ని రెట్లు ఎక్కువ పెట్టాలి. చిత్తూరు దాటితే వచ్చే రాణిపేట, ఆంబూరు తోలు పరిశ్రమకు పేరున్న ఊళ్లు. అటు పనిమీద వెళ్తే ఓసారి చూడండి.

మన్నిక: అసలు తేడా ఇక్కడే. రెక్సిన్ అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. మన ఎండలకు, ఉక్కపోతకు ఆ పూత ముందు మడత దగ్గర పగులుతుంది, తర్వాత పొరలుగా ఊడొస్తుంది. ఇక బాగుచేయడం కుదరదు. తోలైతే మడత దగ్గర మెత్తబడుతుంది. కుట్టు పోయినా చెప్పులు కుట్టే ఆయన దగ్గర మళ్లీ వేయించుకోవచ్చు.

చూసుకోవడం: రెక్సిన్‌ను తడిగుడ్డతో తుడిస్తే చాలు. తోలు తడిస్తే నీడలో ఆరబెట్టాలి. నవంబరు వానల్లో బీరువాలో మూసిపెడితే బూజు పడుతుంది. ఇంకు కారితే పీల్చేసుకుంటుంది, ఆ మరక ఒక పట్టాన పోదు.

మోసపోయే భయం: తోలుకే ఎక్కువ. పైనున్న ముద్రను నమ్మకండి, కోసిన అంచు చూడండి. తోలైతే పీచుపీచుగా ఉంటుంది, రెక్సినైతే లోపలి నేతగుడ్డ కనిపిస్తుంది. అంచుకు రంగు దట్టంగా పూసి ఉంటే లోపలి జేబు తిప్పి చూడండి.

స్కూలు పిల్లలకు, వానలో బండి మీద తిరిగేవాళ్లకు రెక్సినే నయం. మంచి ఇంకు పెన్నులు ఏళ్లతరబడి వాడాలనుకునేవాళ్లు తోలే కొనండి, అదీ ఒక్కో పెన్నుకు విడిగా అర ఉన్నది. రెండూ ఒకే అరలో వేస్తే క్లిప్పు రాసుకుని పక్క పెన్ను మీద గీతలు పడతాయి.