క్రౌట్‌రాక్ చరిత్రకు ఒక్క పుస్తకమే కొనాలంటే

క్రౌట్‌రాక్ అంటే 1970ల జర్మన్ ప్రయోగాత్మక రాక్. దాని మీద ఇంగ్లిష్‌లో పుస్తకాలకు కొదవ లేదు. మన దగ్గర అన్నీ దొరకవు, దొరికినవి చవగ్గా రావు. కొన్నేళ్లుగా నా అల్మారాలో ఉన్నవాటిలో ఒక్కటే ఎంచుకోమంటే డేవిడ్ స్టబ్స్ రాసిన 'ఫ్యూచర్ డేస్' (2014) కొనమంటాను.

దాదాపు 500 పేజీలుంటుంది. పాటల దాకా రావడానికి చాలా టైమ్ తీసుకుంటాడు. యుద్ధం తర్వాతి పశ్చిమ జర్మనీ గురించిన ఆ మొదటి భాగాన్ని దాటేయాలనిపిస్తుంది, దాటేయకండి. నాజీల కాలంలో పనిచేసినవాళ్లే మళ్లీ బడిలో పాఠాలు చెబుతుంటే, రేడియోలో ష్లాగర్ అనే తియ్యతియ్యటి జర్మన్ పాప్ పాటలు మోగుతుంటే, పోనీ అమెరికన్ బ్లూస్ వాయిద్దామంటే అదీ తమది కాదనిపిస్తే, ఆ కుర్రాళ్లకు సున్నా నుంచి మొదలుపెట్టడం తప్ప దారి లేకపోయింది. క్యాన్ బృందంలో కీబోర్డు వాయించిన ఇర్మిన్ ష్మిట్‌నైతే, టీచర్ల నాజీ గతాన్ని స్కూల్ పత్రికలో బయటపెట్టినందుకు బడి నుంచే గెంటేశారు. అలాంటి మనిషి ఉన్న బృందం పాటలన్నిటికీ కర్తలుగా అందరి పేర్లూ వేసుకుందంటే నాకేం ఆశ్చర్యం వేయలేదు.

ఆ తర్వాత ఒక్కో బృందం కథ. నోయ్ రెండో ఆల్బమ్ (1973) సగంలో ఉండగానే డబ్బులైపోయాయి. అప్పటికే విడుదలైన తమ సింగిల్‌లోని రెండు పాటలనే రకరకాల స్పీడ్‌లలో తిప్పి, నిమిషానికి 16 చుట్లతో ఒకసారి, 78 చుట్లతో ఒకసారి, రికార్డు రెండో వైపు నింపేశారు. ఇలాంటివి స్టబ్స్ బాగా చెబుతాడు. ఇబ్బందల్లా ఆల్బమ్‌లను వర్ణించడం మొదలుపెట్టినప్పుడే. విశేషణాల మీద విశేషణాలు. నేనైతే అలాంటి పేజీ రాగానే పుస్తకం పక్కన పెట్టి ఆ రికార్డే వింటాను.

క్యాన్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు 'ఆల్ గేట్స్ ఓపెన్' (2018). మొదటి సగం రాబ్ యంగ్ రాసిన చరిత్ర, రెండోది ష్మిట్ సంభాషణలు, డైరీ ముక్కలు. నేను మళ్లీ మళ్లీ తిరగేసేది మొదటి సగమే. క్యాన్ వాళ్లు కొలోన్ దగ్గరి వైలర్స్‌విస్ట్‌లో పాత సినిమా హాలును స్టూడియోగా మార్చి, గోడలకు సైన్యం వాడి పడేసిన పరుపులు కొట్టారు. గంటల తరబడి వాయించడం, ఆ టేపును బేస్ వాయించే హోల్గర్ చుకాయ్ కోసి అతికించడం, పాట అలా తయారయ్యేది. డ్రమ్మర్ యాకి లీబెట్‌సైట్ అంతకుముందు ఫ్రీ జాజ్ వాయించేవాడు. ఒకతను వచ్చి, నువ్వు మార్పు లేకుండా ఒకేలా వాయించాలి అన్నాడట. ఆ మాట చదివాక క్యాన్ పాట 'హాలెలువా' పెట్టి వినండి. పద్దెనిమిది నిమిషాలూ డ్రమ్స్ తప్ప ఇంకేం చెవికెక్కదు.

జూలియన్ కోప్ 'క్రౌట్‌రాక్‌సాంప్లర్' (1995) చిన్న పుస్తకం. పూనకం వచ్చినట్టు రాశాడు. చివర్లో ఇచ్చిన 50 ఆల్బమ్‌ల జాబితా పట్టుకుని వింటూ పోతే చాలాకాలం వేరే పని ఉండదు. తేదీలు, సంఘటనల విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. పైగా కొత్త ముద్రణలు లేవు, పాత కాపీలకు కలెక్టర్లు అడిగే రేటు వింటే గుండె గుభేల్‌మంటుంది. ఆ రేటు పెట్టి కొనేంత సరుకు అందులో లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకుని చదివి ఇచ్చేయండి.

క్రిస్టోఫ్ డాలాక్ 'నోయ్ క్లాంగ్' (ఇంగ్లిష్‌లో 2024) మొత్తం మాటల పుస్తకం. రచయిత పక్కకు తప్పుకుని వాయించినవాళ్లనే మాట్లాడనిస్తాడు. శిథిలాల మధ్య గడిచిన బాల్యాల గురించి వాళ్ల నోటే వినడం వేరే అనుభవం. కానీ ఎవరు ఏ బృందమో తెలియకుండా దిగితే పది పేజీలకే తికమక. స్టబ్స్ పూర్తయ్యాక మొదలుపెట్టండి. అప్పుడు ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబుతుంటే పట్టుకోవడం భలే సరదాగా ఉంటుంది.