వైరస్ ప్రోటీజ్ దేన్ని కోస్తుంది? వెతకడానికి సీక్వెన్స్ మేలా, స్ట్రక్చర్ మేలా?

ప్రోటీజ్ అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమ్. వైరస్ ప్రోటీజ్ తన సొంత ప్రోటీన్ల గొలుసును ముక్కలు చేయడంతో ఆగదు, మన కణంలోని ప్రోటీన్లనూ కోస్తుంది. హెపటైటిస్ సి వైరస్ ప్రోటీజ్ వైరస్ వచ్చిందని హెచ్చరించే మన మావ్స్ ప్రోటీన్‌ను 508వ స్థానంలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్ గొలుసులో ఒక పూస) దగ్గర తెగ్గొట్టి, కణం మోగించాల్సిన అలారాన్నే ఆపేస్తుంది. ఇలాంటి లక్ష్యాలను కంప్యూటర్‌లో వెతకడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి: సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరుస) చూడడం, స్ట్రక్చర్ (ప్రోటీన్ మడతపడ్డ ఆకారం) చూడడం.

సీక్వెన్స్ దారి సులువు. కోవిడ్ వైరస్ మెయిన్ ప్రోటీజ్ తన గొలుసును 11 చోట్ల కోస్తుంది. అన్నిచోట్లా కోతకు ముందు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం, దాని ముందు 9 చోట్ల ల్యూసిన్, కోత తర్వాత సీరీనో అలనీనో, ఒక్కచోట ఆస్పరజీన్. ఈ నమూనాతో మానవ ప్రోటీన్లను జల్లెడ పడితే జాబితా చాంతాడంత వస్తుంది. అందులో చాలా చోట్లు మడతల లోపల ఉండిపోతాయి, ప్రోటీజ్‌కు అందవు.

స్ట్రక్చర్ పనికొచ్చేది ఇక్కడే. ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ ఇచ్చే ఆకారాలు చూస్తే ఏ చోటు పైకి తేలి ఉందో, ఏది లూప్‌లో (వదులైన మెలికలో) ఉందో తెలుస్తుంది. అయితే ప్రోటీన్ మొత్తం మడతను పోల్చడం వృథా. కోతను నిర్ణయించేది అటూ ఇటూ కలిపి ఎనిమిదో పదో అమైనో ఆమ్లాలు; పోల్చాల్సింది ఆ ముక్కనే. ఆల్ఫాఫోల్డ్ తన అంచనాకు వందకు ఇచ్చుకునే నమ్మకం స్కోరు 50 లోపు వచ్చిన భాగాలను తీసేయడం ఇంకా పెద్ద పొరపాటు. తరచుగా అవి స్థిరమైన ఆకారం లేని వదులు భాగాలు, ప్రోటీజ్‌కు సులువుగా చిక్కేవి. అక్కడ పోల్చడానికి ఆకారమే ఉండదు కాబట్టి సీక్వెన్సే దిక్కు.

మన కణంలో రోగనిరోధక సంకేతాలను అందించే నెమో అనే ప్రోటీన్‌ను చూడండి. మెయిన్ ప్రోటీజ్ దాన్ని 231వ స్థానంలోని గ్లుటమిన్ దగ్గర కోస్తుంది. ఆ తర్వాత ఉన్నది వేలిన్, అంటే పై నమూనాను గట్టిగా పట్టుకుంటే ఇది జారిపోతుంది. పోనీ స్ట్రక్చర్ చూద్దామంటే, తెలిసిన క్రిస్టల్ స్ట్రక్చర్‌లో ఆ భాగం హెలిక్స్‌గా (స్ప్రింగులా చుట్టుకుని) ఉంది. ‘హెలిక్స్‌లో కోత పడదు’ అని తీసేస్తే అలా కూడా పోతుంది. ప్రోటీజ్‌లో కోత పడే గాడిలోకి వచ్చేసరికి మాత్రం అదే ముక్క సాగిన పోగులా కూర్చుంటుంది.

అందుకే కరోనా వైరస్‌లకు నా ఓటు ముందు సీక్వెన్స్‌కే, అదీ కాస్త వదులు చేసిన నమూనాతో. స్ట్రక్చర్‌ను వరుస క్రమం వేయడానికి వాడాలి, కొట్టేయడానికి కాదు. హెచ్ఐవీ ప్రోటీజ్ సంగతి వేరు. దాని కోత చోట్లకు అమైనో ఆమ్లాల వరుసలో పెద్దగా పోలిక లేదు, గాడిలో అవి ఆక్రమించే ఆకారం మాత్రం ఒక్కటే. అక్కడ ఆకారంతోనే మొదలుపెట్టాలి.

ఏ దారిలో వచ్చినా, ఆ ప్రోటీనూ ప్రోటీజూ కణంలో ఒకేచోట తారసపడతాయో లేదో చూడాలి. తర్వాత ల్యాబ్‌లో రెంటినీ కలిపి, కోత పడితే కోత చోటి అమైనో ఆమ్లాన్ని మార్చి (కరోనా వైరస్‌లకైతే గ్లుటమిన్‌ను అలనీన్‌గా) మళ్లీ కలపాలి. అప్పుడు కోత ఆగితేనే ఆ చోటు ఖాయం.