నాలుగు పిల్లుల ఇంట్లో బెంటోనైట్ లిట్టర్: కొన్నేళ్ళ వాడకం తరువాత

కోనసీమలో కాలువ గట్టుకు దగ్గరగా ఉన్న మా ఇంట్లో నాలుగు పిల్లులున్నాయి. అవి మలమూత్రాలు విసర్జించే ట్రేలలో పోసే సరుకునే లిట్టర్ అంటారు. మేము దానికి సువాసన కలపని, సన్న రవ్వలా ఉండే బెంటోనైట్ మట్టిని కొన్నేళ్ళుగా వాడుతున్నాము. ఈ మధ్యలో కొబ్బరి పొట్టు, చెక్క గుళికలు, సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్, తేమ పీల్చే సిలికా పూసలు కూడా ఒక్కొక్కటిగా వాడి చూసినా, చివరికి ఇంట్లో నిలిచింది బెంటోనైటే. అయితే ఒకటికి మించి పిల్లులున్న ఇంట్లో ఏ లిట్టర్ గుణమైనా తెలియాలంటే, ముందుగా ట్రేలు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి అన్న సంగతి తేలాలి. పిల్లి ట్రే బయట మూత్రం పోసిన ప్రతిసారీ సరుకు మార్చేవారు చాలామంది ఉన్నారు. సరుకు మారుతుంది గాని, అసలు కారణం అక్కడే ఉండిపోతుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. దాళ్వా ధాన్యం బస్తాలు వసారాలోకి చేరిన రోజుల్లో మా ఆడపిల్లి సీతాలు గోనెపట్టాల మీద మూత్రం పోయడం మొదలుపెట్టింది. దాని నడకను కనిపెట్టి చూస్తే విషయం తెలిసింది. అది వెనుక నడవలోని ట్రే వైపు వచ్చి, గడప దగ్గర ముందుకాలు ఎత్తి అలాగే ఆగిపోయేది. నడవ మధ్యలో మగపిల్లి పండుగాడు అడ్డంగా పడుకుని, లేవకుండా, అరవకుండా, తోక కొస మాత్రం నేలకేసి టపటపా కొడుతూ దానివైపే చూసేవాడు. చూసేవారికి వాడు పడుకున్నట్టే ఉంటుంది, సీతాలుకు మాత్రం అది దారి మూసివేయడమే. పిల్లుల మధ్య జగడం చాలావరకు ఇలా చప్పుడు లేకుండానే సాగుతుంది, కాబట్టి రక్కుకోవడం లేదు గనుక అన్నీ కలిసిమెలిసి ఉన్నాయని అనుకోవడానికి వీల్లేదు.

పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క, పిల్లులెన్నో అన్ని ట్రేలు, పైన మరొకటి. ఆ లెక్కన మాకు ఐదు కావాలి. అయితే ఐదింటినీ ఒకే గదిలో వరుసగా పెడితే పిల్లి దృష్టిలో అవన్నీ ఒక్కటే, ఎందుకంటే గుమ్మంలో ఒక పిల్లి కూర్చుంటే చాలు, ఐదింటికీ దారి మూసుకుపోతుంది. అందుకని వెనుక నడవలో ఒకటి, వసారా చివర ఒకటి, మేడ మెట్ల కింద ఒకటి, స్నానాల గది పక్కన ఒకటి, మేడ మీద ఒకటి ఉంచాము. వసారాలోనూ మెట్ల కిందా రెండు వైపుల నుంచి తప్పుకునే దారి ఉండేలా చూశాము. లిట్టర్ మార్చలేదు, అదే బెంటోనైట్. బస్తాల జోలికి సీతాలు మళ్ళీ పోలేదు.

పెట్టెల విషయంలో నా అభిప్రాయం గట్టిది. పిల్లుల సామాను దుకాణాల్లో అమ్మే ట్రేలు చాలావరకు ఎదిగిన పిల్లికి ఇరుకు. ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉంటేనే పిల్లి లోపల తిరిగి, తవ్వి, కప్పగలుగుతుంది. ప్లాస్టిక్ సామాను దుకాణంలో దొరికే రెండు అడుగులకు మించిన దీర్ఘచతురస్రపు టబ్బులు ఈ పనికి ఎంతో మేలు. మూత ఉన్న పెట్టెలు మనుషుల కంటికి బాగుంటాయి గాని, వాసనను లోపలే పట్టి ఉంచుతాయి, పైగా లోపలికి వెళ్ళిన పిల్లికి ఒకే గుమ్మం మిగులుతుంది. నాలుగు పిల్లులున్న ఇంటికి వాటిని నేను సిఫారసు చేయను. ముసలి పిల్లి ఉంటే టబ్బుకు ఒక వైపు అంచును తక్కువ ఎత్తుకు కోసి, కోసిన చోట గరుకుకాగితంతో నున్నగా రుద్దాలి.

ఇక బెంటోనైట్. మన దేశంలో ఈ మట్టి ముఖ్యంగా గుజరాత్‌లోని కచ్ఛ్, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ వైపు తవ్వుతారు. తడి తగలగానే ఉబ్బి ఉండ కట్టడం దీని గుణం. ఆ ఉండను చిల్లుల గరిటెతో ఎత్తి తీసేస్తే కింది మట్టి పొడిగానే ఉంటుంది. ఎడారి ప్రాంతాల్లో బతికిన ఆఫ్రికా అడవిపిల్లి సంతతి గనుక ఇంటి పిల్లికి సన్నగా, మెత్తగా కాలికి తగిలే మట్టే ఇష్టం. మా నాలుగింటికీ ఇదే రుజువైంది. లోతు రెండు, మూడు అంగుళాలు ఉండాలి. అంతకంటే తక్కువైతే మూత్రం అడుక్కి దిగి టబ్బుకు అంటుకుపోయి, గరిటెతో గీకాల్సి వస్తుంది. రోజుకు రెండుసార్లు ఉండలు తీస్తూ, తరిగిన మేర కొత్తది పోస్తూ ఉంటే మాకు నెలకు సుమారు 20 కిలోలు పడుతుంది.

లోపాలు లేవని చెప్పను. బరువు ఎక్కువ, పోసేటప్పుడు దుమ్ము లేస్తుంది, ఉబ్బసం ఉన్నవారు ఆ పని చేయకపోవడం మంచిది. ఇంకొకటి మన డెల్టాకు ప్రత్యేకమైనది. శ్రావణ భాద్రపదాల ముసురులో గాలిలోని తేమను కూడా ఈ మట్టి పీల్చుకుంటుంది. మూతి విప్పిన సంచిని వసారాలో వదిలేస్తే కొన్నాళ్ళకు ఉండ కట్టే శక్తి తగ్గి, గరిటెకు బంకలా అంటుకుంటుంది. బియ్యం పోసే మూత డ్రమ్ము లాంటి దానిలో, నేలకు తగలకుండా పీట మీద ఉంచితే ఏ ఇబ్బందీ లేదు. సువాసన కలిపిన రకం మాత్రం వద్దు. మనకు మల్లెవాసన అనిపించేది పిల్లి ముక్కుకు భరించరానిది, పైగా అది వాసనను పోగొట్టదు, కప్పుతుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు పుట్టేదే ఆ అమ్మోనియా ఘాటు, అందువల్ల తడి ఉండను వెంటనే తీసివేయడం తప్ప దానికి వేరే మందు లేదు.

కొబ్బరి పొట్టు గురించి మా వైపువారు తప్పక అడుగుతారు. పీచు మిల్లుల దగ్గర కారుచౌకగా దొరుకుతుంది, తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది, వాసనను కూడా బాగానే అణుస్తుంది. కాని ఉండ కట్టదు, కాబట్టి తడిసినంత మేర కాక మొత్తం పారబోయాలి. పైగా తడి పొట్టు పాదాలకు అంటుకుని పరుపుల దాకా వస్తుంది, తెల్ల పిల్లి కాళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్క పిల్లి ఉండి, పెరడు ఉన్నవారికి ఇది చాలు. చెక్క గుళికలు తడిసి పొట్టుగా రాలిపోతాయి, జల్లెడ ట్రే ఉంటే పరవాలేదు గాని మా పిల్లులకు ఆ లావు గింజ నచ్చలేదు. టోఫు లిట్టర్ తేలిక, దుమ్ము లేదు, కాని వానాకాలంలో బూజు, చీమలు పడతాయి. సిలికా పూసలు గాలి తేమతోనే నిండిపోయి త్వరగా పనికిరాకుండా పోతాయి.

కడిగే విషయంలో ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో నేల తుడవాలంటే ముందు చేతికొచ్చేది ఫినాయిల్. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, పాదాలకు అంటినది నాకి విషం ఎక్కే ప్రమాదం ఉంది. బ్లీచింగ్ పౌడరు మూత్రం మీద చల్లితే ఘాటైన వాయువు పుడుతుంది. ట్రేలకు వాసన లేని సబ్బునీళ్ళు, ఎండ చాలు. నేల మీద మూత్రం పడిన చోట, దానిని విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి నాననిస్తేనే వాసన పోతుంది. మన ముక్కుకు తెలియకపోయినా పిల్లి ముక్కుకు మిగిలి ఉంటే, అది మళ్ళీ అక్కడికే వస్తుంది.

మగపిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్ళి, చుక్క కూడా రాకుండా ముక్కుతూ ఉంటే అది లిట్టర్ సమస్య కాదు. మూత్రమార్గం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, ఆ పూటే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. నిలబడి గోడల మీద మూత్రం చిమ్మే అలవాటు వేరు, దానికి చాలా మగపిల్లులలో కుటుంబ నియంత్రణ ఆపరేషనే పరిష్కారం. ఇంట్లో గర్భిణి ఉంటే ట్రేల పని వేరొకరు చూసుకోవాలి. గర్భంలోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి క్రిములు పిల్లి మలంలో బయటపడిన తరువాత అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది గనుక, రోజూ తీసివేయడం అందరికీ రక్షణే.

తీసిన ఉండలను మరుగుదొడ్డిలో వేస్తే గొట్టంలో ఉబ్బి బిగుసుకుంటాయి. కాలువలోగాని చెరువు గట్టున గాని పారబోయడం అంతకంటే తప్పు. ఆ నీరే మంచినీళ్ళ చెరువులకు చేరే ఊళ్ళు మనవి, టాక్సోప్లాస్మా క్రిములు తడినేలలో, నీటిలో నెలల తరబడి బతుకుతాయి. మేము కాగితంలో చుట్టి, సంచిలో కట్టి, చెత్తబండికి ఇస్తున్నాము. కొనేటప్పుడు సంచి అడుగు భాగం చేత్తో నొక్కి చూడండి, గట్టి గడ్డలు తగిలితే అది గోదాములోనే తేమ తిన్న సరుకు. వానలు మొదలుకాకముందే, ఎండలు కాసే రోజుల్లో, రెండు మూడు నెలలకు సరిపడా తెచ్చుకుంటే ఆ బెడద తప్పుతుంది.