ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు: పెట్టిందెంత, చేతికొచ్చిందెంత (ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష)

ఐటీఐలో ఫీజు పెద్ద ఖర్చు కాదు. సర్కారు ఐటీఐలో కట్టేది తక్కువే. ప్రైవేటులో ఎక్కువైనా ఈపాస్ (తెలంగాణ సర్కారు స్కాలర్‌షిప్ పోర్టల్) కింద రీయింబర్స్‌మెంట్ వస్తుందని చెప్పి చేర్చుకుంటారు, ఆ పైసలు ఆలస్యమైతే సర్టిఫికెట్ల దగ్గర పేచీ మొదలవుతుంది. అసలు ఖర్చు రెండేళ్ల కూలీ. రోజుకు 500, నెలకు 20 రోజుల పని అనుకున్నా 24 నెలలకు 2,40,000. దేవరకొండ, అచ్చంపేట దిక్కు ఇళ్లలో ఈ లెక్క వేయకుండానే చేర్పిస్తారు. పత్తి ఏరే కాలం రాగానే పిల్లగాడు పనికి పోతాడు. హాజరు 80 శాతం లేకపోతే ట్రేడ్ టెస్టుకు (ఐటీఐ పరీక్షకు) కూర్చోనివ్వరు. ప్రాక్టికల్‌లో 60 శాతం, థియరీలో 33 శాతం వస్తేనే పాసు. తెలంగాణలో ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం గనుక రానుపోను ఖర్చు మిగులుతుంది. అయినా ఎలక్ట్రీషియన్ ట్రేడులో వాళ్లు తక్కువే, ఎందుకో మరి.

ఇక వచ్చేది. ఇంటి వైరింగు, ఎర్తింగు, కాంటాక్టర్ (మోటరును ఆన్-ఆఫ్ చేసే స్విచ్) సర్క్యూట్లు గట్టిగానే వస్తాయి. నల్లగొండ, పాలమూరులో గిరాకీ అంతా బోరు మోటర్లదే, అక్కడే కోర్సు కుంటుతుంది. ఐటీఐలో మోటరు కాయిళ్లకు చుట్టించేది ఎనామిల్ తీగ, పైన వార్నిష్. బోరు మోటర్లలో ఎక్కువగా వచ్చే రకం లోపల నీళ్లు నిండి ఉంటుంది. దానికి ప్లాస్టిక్ తొడుగున్న పాలీ తీగ వాడతారు, వార్నిష్ వేయరు. స్లాటు (కాయిల్ కూర్చునే గాడి) అంచుకు గీసుకుని తొడుగు కొంచెం తెగినా నీళ్లు తగిలి బాడీకి ఎర్త్ అవుతుంది. అందుకే స్లాట్లు ముందే నున్నగా చేసుకోవాలి, జాయింట్ల దగ్గర టేపు ఓపికగా చుట్టాలి. చుట్టిన స్టేటర్‌ను (మోటరులో తిరగని భాగాన్ని) రాత్రంతా నీళ్లలో ముంచి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) చూశాకే బిగించాలి. ఇదంతా వైండింగ్ షాపులోనే వస్తుంది, కనీసం రెండు యాసంగులు అక్కడ కూర్చోవాలి.

అట్లని థియరీని తీసేయొద్దు. కాలిన మోటరు విప్పితే ఏ కాయిళ్లు నల్లబడ్డాయో చూసి కారణం చెప్పొచ్చు. స్టార్ కనెక్షన్‌లో (మూడు ఫేజుల కాయిళ్ల కొసలు ఒకచోట కలిపేది) రెండు ఫేజుల కాయిళ్లు మాడి మూడోది శుభ్రంగా ఉంటే, లైన్‌లో ఒక ఫేజు పోయినా మోటరు నడిచిందన్నమాట. డెల్టాలో (కాయిళ్లను త్రిభుజంలా కలిపేది) అయితే మాడేది ఒక్క ఫేజే. మూడూ ఒకేలా మాడితే ఓవర్‌లోడో, లో వోల్టేజో, బోరులో నీళ్లు దిగిపోయి మోటరు చల్లబడకపోవడమో చూడాలి. షాపులో మాత్రమే నేర్చిన మేస్త్రీలు చుట్టడంలో మనకన్నా వేగం, కానీ అదే మోటరును ఒకే సీజన్‌లో మళ్లీ మళ్లీ చుడతారు. స్టార్-డెల్టా స్టార్టర్‌లో (స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకు మార్చేది) ఓవర్‌లోడ్ రిలే, అంటే కరెంటు ఎక్కువైతే మోటరును ఆపేది, సాధారణంగా ఫేజు కరెంటు దారిలో ఉంటుంది, ప్లేటు మీద రాసేది లైను కరెంటు, కాబట్టి నేమ్‌ప్లేట్ కరెంటులో 58 శాతానికే పెట్టాలి. ప్లేటు మీద 15 ఆంపియర్లుంటే 8.7. పూర్తి 15కు తిప్పితే రిలే ఉన్నా లేనట్టే. రైతు అదే మోటరుతో ఇంకోసారి రావడం ఇలాంటి తప్పుల వల్లే.

ఉద్యోగం వైపు చూస్తే, ఒట్టి ఐటీఐ సర్టిఫికెట్‌కు దొరికేది ఎక్కువగా కాంట్రాక్టరు కింద ట్రైనీ పని. పోలేపల్లి, షాద్‌నగర్, చౌటుప్పల్ ఫ్యాక్టరీల్లో 12 గంటల షిఫ్టులూ ఉంటాయి. అప్రెంటిస్‌షిప్ కలిస్తే లెక్క మారుతుంది. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవాళ్లకు కనీస స్టైఫండ్ నెలకు 7,000 పెట్టారు. హైదరాబాద్‌లో గది అద్దె, తిండికి అది చాలదు, ఇంటి నుంచి కొంత పంపాల్సిందే. అయినా బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, బీడీఎల్, రైల్వే లాంటి చోట చేస్తే చేతికి పెద్ద మెషీన్లు తగులుతాయి. అప్రెంటిస్ అని పిలిచినా కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో కాంట్రాక్టు నమోదు కాకపోతే జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ రాదు. చేరిన వారంలోనే అది అడగాలి.

విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్‌కు స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో నమ్మి కూర్చోలేం. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ మూల వేతనం 19,900, పోటీ విపరీతం. చదువు మీద మనసుంటే ఎల్‌పీసెట్ (ఐటీఐ వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష) రాసి పాలిటెక్నిక్ రెండో ఏడులో చేరొచ్చు. ఈ దారి సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

సర్కారు ఐటీఐలు అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుతున్నాయి. అక్కడి రోబోటిక్స్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు) ఫ్యాక్టరీ ఉద్యోగం కోరేవాళ్లకు పనికొస్తాయి, బోరు పనికి కాదు.

ఐటీఐ సీటుకు ఆప్షన్లు పెట్టే ముందు ఒకసారి వర్క్‌షాపులోకి వెళ్లి చూడండి. యూనిట్‌కు (ఒక బ్యాచ్‌కు) 20 మంది ఉంటారు, విప్పి చుట్టే మోటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మెగ్గర్ చూపించమనండి. కేంద్రం ఇచ్చే గుర్తింపు (ఎన్‌సీవీటీ అనుబంధం అని పిలిచేది) ట్రేడుకు, యూనిట్‌కు విడివిడిగా ఇస్తారు, ఐటీఐకి ఉందని సరిపెట్టుకోకుండా మీరు చేరే యూనిట్‌ది చూపించమని అడగండి. అది చూపించడానికి నసిగితే ఆ కాలేజీ వదిలేయండి.