విడాకుల కేసుకు ఎవరు మేలు: కోర్టులో పోరాడే లాయరా, కూర్చోబెట్టి తేల్చే లాయరా?

ఒకే సంగతి మీద రెండు ఉత్తరాలు చదవండి.

మొదటిది: "మీ క్లయింటు గత ఆదివారం ఉద్దేశపూర్వకంగా పిల్లవాణ్ణి ఆలస్యంగా అప్పగించారు. ఆయన బాధ్యతారాహిత్యానికి ఇది మరో నిదర్శనం. మళ్లీ జరిగితే చట్టపరమైన చర్యలు తప్పవు."

రెండోది: "గత ఆదివారం బాబు ఇంటికి వచ్చేసరికి ఏడున్నర అయింది. అనుకున్నది ఆరింటికి. మర్నాడు స్కూలు ఉంది, హోంవర్కు చెయ్యకుండానే నిద్రపోయాడు. వచ్చే వారం ఆరింటికల్లా దింపగలరా? ఆలస్యమయ్యేటట్టుంటే అయిదింటికి ఒక మెసేజ్ పెట్టినా చాలు."

మొదటి ఉత్తరానికి మూడు పేజీల జవాబు వస్తుంది, దానికి నాలుగు పేజీల తిరుగు జవాబు వెళ్తుంది, ప్రతి పేజీకీ ఎవరో ఒకరు ఫీజు కడతారు. రెండోదానికి వచ్చే జవాబు "సరే" అనే ఒక్క మాట కావచ్చు. పైగా రేపు జడ్జి ముందు పెట్టాల్సివస్తే బలంగా నిలబడేదీ రెండోదే. అందులో టైము ఉంది, జరిగింది ఉంది, తిట్టు లేదు.

విడాకులకు లాయరును వెతికేవాళ్లు ముందుగా అడిగే మాట "మంచి లాయరు ఎవరు?" అని. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఈ తగువును ఏ దారిలో నడపాలి అన్నది. కోర్టులో వాదించి గెలిచేవారు వేరు, రాజీ కుదిర్చి కాగితం మీద పెట్టేవారు వేరు, మధ్యవర్తి దగ్గరకు వెళ్లే మనిషికి వెనక నుంచి సలహా చెప్పేవారు వేరు. మూడూ బాగా చేసే లాయర్లు లేకపోలేదు, తక్కువ.

కోర్టు దారే సరైన సందర్భాలు ముందు చెప్పాలి, ఎందుకంటే "గొడవ ఎందుకు, మాట్లాడుకోండి" అనే సలహా కొందరి ప్రాణాల మీదకు తెస్తుంది. కొట్టడం, బెదిరించడం, డబ్బు చేతికి ఇవ్వకుండా కట్టడి చెయ్యడం ఉన్న ఇంట్లో ఇద్దరూ సమానంగా కూర్చుని మాట్లాడుకోవడం జరగదు. ఇంగ్లండులో పిల్లల విషయంలో, ఆస్తి విషయంలో కోర్టుకు వెళ్లేముందు మధ్యవర్తిత్వం గురించి తెలుసుకునే సమావేశానికి వెళ్లి రావాలన్న నియమం ఉంది. గృహహింస ఆధారాలున్నవాళ్లకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆస్తి దాచేస్తున్నారన్నా, పిల్లల్ని చెప్పకుండా తీసుకుపోయారన్నా, నోటీసులకు జవాబే లేదన్నా రాజీ లాయరు వల్ల పని జరగదు. అప్పుడు కావాల్సింది, తుది తీర్పు వచ్చేలోగా అమలయ్యే మధ్యంతర ఉత్తర్వులు త్వరగా తేగలిగినవారు, అదే కోర్టులో రోజూ నిలబడేవారు. కస్టడీలో ఈ మధ్యంతర ఉత్తర్వు చాలా బరువైనది. కేసు ఏళ్ల తరబడి నడిస్తే పిల్లలు ఆ ఏర్పాటుకే అలవాటుపడతారు, అలవాటైన ఇంటిని కదిలించడానికి ఏ జడ్జి అయినా వెనకాడతారు. బిడ్డను సరిహద్దు దాటించిన కేసైతే అది ఇంకో లోకం. 1980 నాటి హేగ్ ఒప్పందంలో చేరిన దేశాల మధ్య బిడ్డను వెనక్కి రప్పించే పద్ధతి ఒకటి ఉంది. భారత్ అందులో చేరలేదు. అలాంటి కేసులు చేసిన అనుభవం లేని లాయరుకు వకాలతు ఇవ్వకండి.

ఇవేవీ లేని ఇళ్లలో కోర్టు దారి ఏం చేస్తుందో నేను దగ్గరుండి చూశాను. నాకు బాగా కావాల్సిన ఒక జంట రెండేళ్లు కేసు నడిపారు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి లాయర్లూ పేరున్నవాళ్లే. పాప స్కూలు విహారయాత్రకు తల్లిదండ్రుల సంతకం కావాల్సివచ్చింది. ఆమె తన లాయరుకు చెప్పింది, ఆయన అవతలి లాయరుకు రాశారు, వాళ్లు తమ క్లయింటును అడిగారు, తిరిగి రాశారు. నాలుగు ఉత్తరాలు అయ్యేసరికి గడువు దాటిపోయింది. క్లాసంతా బస్సెక్కితే ఆ పిల్ల ఇంట్లో ఉంది. చట్టప్రకారం తప్పు ఎవరిదీ కాదు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఇప్పటికీ మనసులోంచి పోదు.

రాజీ దారిలో గట్టి పద్ధతి ఒకటి 1990లో అమెరికాలోని మినెసోటాలో స్టూవర్ట్ వెబ్ అనే లాయరు మొదలుపెట్టారు. భార్యకో లాయరు, భర్తకో లాయరు ఉంటారు, నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ముందే ఒక ఒప్పందం రాసుకుంటారు: రాజీ కుదరక కోర్టుకెక్కితే ఈ లాయర్లిద్దరూ తప్పుకోవాలి. కాబట్టి తగువు పెరిగితే లాభపడే మనిషి ఆ బల్ల దగ్గర ఉండరు. కానీ కుదరకపోతే మళ్లీ కొత్త లాయరు, మళ్లీ మొదటి నుంచి కథ, మళ్లీ ఫీజు. అవతలివారు మాట మీద నిలబడే మనిషేనా అన్నది మీకే బాగా తెలుసు. అనుమానంగా ఉంటే ఈ పద్ధతి వద్దు.

మూడోది, మధ్యవర్తి. ఖర్చు సాధారణంగా తక్కువే, వేగమూ ఎక్కువే. కాకపోతే మధ్యవర్తి ఎవరి లాయరూ కాదు. "ఈ మొత్తానికి ఒప్పుకుంటే నువ్వు నష్టపోతావు" అని ఆయన మీకు చెప్పరు, చెప్పకూడదు. అందుకే సంతకానికి ముందు ఆ కాగితాన్ని మీ సొంత లాయరు చదవాలి. దీనికి పూర్తి వకాలతు అక్కర్లేదు, రెండు మూడు గంటల సలహా ఫీజుతో పోతుంది. "ఇద్దరికీ కలిపి ఒకే లాయరు చాలులే" అనే మాట ఇక్కడే వస్తుంది. వద్దు. భరణం ఒకరికి పెరిగితే ఇంకొకరికి తగ్గుతుంది, ఒకే మనిషి రెండు జేబుల మేలూ చూడలేరు. ఇద్దరూ ఒప్పుకున్నదాన్ని ఒక లాయరు కాగితం మీద పెట్టవచ్చు, కానీ ఆ లాయరు ఎవరి తరఫో ముందే తేలాలి.

అసలు లాయరే లేకుండా? పిల్లలు, ఆస్తి లేనప్పుడు కుదురుతుంది. భారత్‌లో 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షను ప్రకారం అక్కడ లాయరును పెట్టుకోవడం హక్కుగా రాదు, కోర్టు అనుమతి ఉండాలి. ఆచరణలో అనుమతి దొరుకుతూనే ఉంటుంది. ఫీజు కట్టలేక ఊరుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది: 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు.

ఫీజు మాట. గంటల లెక్కన తీసుకునేవారి దగ్గర తగువు పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది. వాయిదాల లెక్క అయితే వాయిదాలు పెరిగితే భారం. కేసు మొత్తానికి ఒకే ఫీజు అనుకుంటే మనసుకు నెమ్మది, కాని ఆ ఫీజులో అప్పీలు ఉందా, మధ్యంతర పిటిషన్లు ఉన్నాయా అన్నది రాయించుకోవాలి. "వచ్చిన భరణంలో వాటా ఇవ్వండి చాలు" అనే లాయరు దగ్గర నుంచి మాత్రం లేచి వచ్చెయ్యండి. భారత్ బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు, అమెరికా బార్ అసోసియేషన్ నమూనా నియమాలు కూడా విడాకులు, భరణం కేసుల్లో దాన్ని నిషేధిస్తాయి. భార్యాభర్తలు మనసు మార్చుకుని కలిసిపోతే అలాంటి లాయరుకు రూపాయి రాదు, విడాకుల కేసుల్లో ఆ నిషేధానికి అదొక కారణం.

ఏ దారైనా భరణం లెక్క కాగితాల మీదే నడుస్తుంది. 2020 నవంబరులో భారత సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపాలని చెప్పింది. అవతలివారి ఆదాయం తెలియకుండా రాజీకి ఒప్పుకోమనే లాయరు ఎంత మెత్తగా మాట్లాడినా మీకు మేలు చెయ్యడం లేదు.

నా తూకం ఇది. ఇంట్లో భయం లేదు, లెక్కలు దాచలేదు అంటే మధ్యవర్తి, పక్కన సొంత లాయరు సలహా. భయం లేదుగానీ ఆస్తి చిక్కుగా ఉంది అంటే నలుగురూ కూర్చునే పద్ధతి. భయమున్నా, దాపరికమున్నా కోర్టులో నిలబడే లాయరు, అదీ ఆలస్యం చెయ్యకుండా.

కోర్టు లాయరైనా సరే, మొదటి రోజు ఫీజు మాట్లాడేముందు రెండు అడగండి. ఒకటి, "ఈ కేసులో నాకు రానిది ఏమిటి?" పూర్తి కస్టడీ గ్యారంటీ అన్నవారికి వకాలతు ఇవ్వకండి. రెండోది, "మా బాబును ఆదివారం గంటన్నర ఆలస్యంగా దింపారనుకోండి, అవతలి లాయరుకు ఏమని రాస్తారు?" జవాబు మొత్తం వినండి.