విశాఖ కంచరపాలెం బర్మా క్యాంపు ఖౌసే (బర్మా నూడుల్స్) బండి: పులుసు అయిపోకముందే వెళ్ళండి

సాస్ పోసి పెనం మీద ఎగరేసే నూడుల్స్ కోసం వస్తే ఈ బండి మీకు నచ్చదు. మా ఆయనకి మొదట నచ్చలేదు కూడా. ఇక్కడ పొయ్యి మీద ఉండేది పులుసు ఒక్కటే. ఉడికించి ఆరబెట్టిన నూడుల్స్ గుప్పెడు తీసి స్టీలు బేసిన్‌లో వేస్తారు. అందులో వేయించిన శనగపిండి, దారంలా తరిగిన క్యాబేజీ, చింతపండు రసం, దంచిన ఎండుమిర్చి, కరకరలాడే ఉల్లిపాయలు, అవి వేగిన నూనె వేసి చేత్తోనే కలుపుతారు. పక్కన గిన్నెలో అరటి దవ్వ వేసిన వేడి పులుసు. ఉల్లిపాయ ఒక్క ముక్క కూడా మాడదు, రుచంతా ఆ నూనెలోనే ఉంది. ప్లేటు 70 రూపాయలు, గుడ్డుతో 80.

కలిపే పెద్దావిడ రంగంలోనే, అంటే బర్మాలోని రంగూన్‌లోనే పుట్టారట. మన ఉత్తరాంధ్ర నుంచి ఎంతమంది రంగం పోలేదు! స్టీమరెక్కి వెళ్ళి రేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో చేశారు. అప్పుడు బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1937 ఏప్రిల్ 1న విడదీశారు. పాకిస్తాన్ విభజన గురించి బడిలో చదివాం గానీ దీని గురించి నాకు ఒక్క టీచరూ చెప్పలేదు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షల మంది అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు, దారిలోనే వేలమంది పోయారు. ఉండిపోయినవాళ్ళకి 1962లో నె విన్ సైనిక పాలన వచ్చిపడింది. దుకాణాలు ప్రభుత్వం తీసేసుకుంది. 1964 మేలో 50, 100 చాట్ (బర్మా డబ్బు) నోట్లు చెల్లవంది.

"మా నాన్న దాచిందంతా వంద నోట్లేనమ్మా. ఇక్కడికి వచ్చేసేటప్పుడు ఓడ దగ్గర అమ్మ చెవి కమ్మలు కూడా తీయించేశారు," అన్నారావిడ, ఉల్లిపాయలు తరుగుతూనే. వాళ్ళ పెద్దక్క అక్కడి అబ్బాయిని పెళ్ళి చేసుకుని ఉండిపోయింది. అక్కాచెల్లెళ్ళు మళ్ళీ కలవనే లేదు. ఇప్పుడు అక్క కూతురు వీడియో కాల్ చేస్తుంది. ఆ పిల్లకి తెలుగు రాదు, ఈవిడ కొడుక్కి బర్మా భాష రాదు. మధ్యలో ఈవిడే రెండు వైపులా చెప్పాలి. 2021లో అక్కడ మళ్ళీ సైన్యం వచ్చాక ఫోను కలవక చాలా టెన్షన్ పడ్డారట. ఇదంతా అడిగితేనే చెప్తారు, అదీ జనం తక్కువున్నప్పుడు. రద్దీలో కదిలించకండి, పాపం చేతికి ఖాళీ ఉండదు.

లోపాలూ ఉన్నాయి. కూర్చోడానికి ప్లాస్టిక్ స్టూళ్ళే, అవీ చాలవు. కారు పెట్టే చోటు లేదు. ఉప్పు ఒక్కోరోజు ఎక్కువవుతుంది. పులుసు మాత్రం ఎనిమిదికల్లా అయిపోతుంది, అది లేకుండా తినడం దండగ. పిల్లలకైతే మిర్చి తగ్గించమని ముందే చెప్పండి, కలిపాక ఏమీ చేయలేరు. పార్సిల్ కట్టిస్తే పులుసు విడిగా అడగండి. ఐదుకి నాలుగు.