ఎస్సే రాసిస్తామంటే విజయనగరం వాళ్ళు కాస్త ఆగండి

అమెరికా కాలేజీ అప్లికేషన్లకి ఎస్సేలు రాసిస్తానని ఫ్లెక్సీలు కట్టినాయన సంగతి ఇది. పేరు రాయను, ఊరంతా ఆ ఫ్లెక్సీలే కాబట్టి ఎవరో మీకు తెలిసిపోతుంది. మా పాప తొమ్మిదో క్లాసు దాకా ఒమన్‌లోని మస్కట్‌లో పెరిగింది, ఇప్పుడు కామన్ యాప్‌లో (ఒకే అప్లికేషన్‌తో చాలా కాలేజీలకి పంపుకునే వెబ్‌సైటు) అమెరికా కాలేజీలకి అప్లై చేస్తోంది. "బయటి దేశంలో పెరిగిన పిల్లలకి ఎస్సేనే బలం మేడమ్, మాకు వదిలేయండి" అని 18 వేలు ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు.

పాప కూర్చుని అన్నీ చెప్పింది. మస్కట్‌లో రువీ ఏరియాలో మా ఫ్లాటు, మే నెలలో స్కూల్ బస్సు దాకా నడవలేని ఎండ, జూలైలో ఒమన్‌లోనే ఉన్న సలాలా వెళ్తే అక్కడ మాత్రం చినుకులు, పచ్చటి కొండలు, ఇక్కడికి వచ్చేశాక మొదటిసారి సిరిమానోత్సవం చూసి ఆ జనానికి బెదిరిపోయి నా చెయ్యి వదలకపోవడం, క్లాసులో తెలుగు చదవలేక అవమానపడటం. ఆయన తల ఊపుతూ రాసుకున్నాడు. అంటే, రాసుకుంటున్నాడనే అనుకున్నాం.

నిన్న రాత్రి ఎస్సే పంపాడు. 650 పదాలు దాటకూడదన్న రూలు మాత్రం పాపం తప్పలేదు. అందులో మా పాప రోజూ సాయంత్రం కువైట్ టవర్స్ చూస్తూ కలలు కంటోంది, వాళ్ళ నాన్న దినార్లు కూడబెడుతున్నాడు. ఒమన్‌లో నడిచేది రియాల్ బాబూ! ఎవరో కువైట్ పిల్లాడి ఎస్సే తీసుకుని దేశం పేరు మార్చాడు, టవర్స్ మార్చడం మర్చిపోయాడు.

ఫోన్ చేస్తే కనీసం సారీ అంటాడనుకున్నా. "అమెరికా వాళ్ళకి కువైట్ అయితే ఏటి, మస్కట్ అయితే ఏటి మేడమ్, అంతా ఎడారే కదా, ఆ టవర్స్ తీసేసి పెట్టీండి" అన్నాడు. స్పీకర్‌లో ఉంది ఫోను, పాప పక్కనే ఉంది. గంటసేపు దాని చిన్నతనమంతా విన్న మనిషి అన్న మాట అది. డబ్బు వెనక్కి ఇమ్మంటే, పని అయిపోయాక రిఫండ్ ఏంటని పెట్టేశాడు.

అప్లికేషన్ పంపేటప్పుడు ఇది నా సొంత రాత అని సంతకం చేయాల్సింది పిల్లలు. దొరికితే పోయేది వాళ్ళ సీటు, ఆయన ఫ్లెక్సీ కాదు. జనవరి 1 గడువున్న కాలేజీలు కూడా ఉన్నాయి, ఆ టెన్షన్ వేరే. పాప ఇప్పుడు తనే రాసుకుంటోంది, తప్పులు దిద్దడానికి వాళ్ళ ఇంగ్లీష్ టీచర్‌ని అడిగాం.

ఆఁ, ఇంకోటి, కామన్ యాప్ పాస్‌వర్డ్ ఆయనకి ఇచ్చినవాళ్ళు ముందు అది మార్చండి. ఇప్పటికే పంపకపోతే, మీ పిల్లల ఎస్సేలో ఏ దేశపు టవర్స్ ఉన్నాయో ఈ రాత్రే చూసుకోండి.